విత్తు కొట్టించినా కోడె ఎగబడుతోందా? కారణం ఇదీ

చర్ల, దుమ్ముగూడెం వంటి అడవి అంచు మండలాల్లో ఊరి పశువులన్నీ కలిసే మేతకు పోతాయి. మందలో విత్తుకొట్టని కోడె ఒక్కటి ఉన్నా ఎదగని పెయ్యలు చూలు కడతాయి. విత్తు కొట్టించాక కూడా కోడె ఎగబడుతుంటే కారణం తెలుసుకోవాలి.

విత్తులో రెండు పనులు

విత్తు (వృషణం) లోపల సన్నని గొట్టాల్లో వీర్యకణాలు తయారవుతాయి. ఆ గొట్టాల మధ్య లైడిగ్ కణాలు ఉంటాయి. 1850లో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రాంజ్ లైడిగ్ వీటిని వర్ణించారు. ఇవి టెస్టోస్టెరాన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. కోడెకు మూపురం, మెడ కండ, పొగరు, మేకపోతుకు వాసన దీనివల్లే వస్తాయి. దుక్కిటెద్దుకు మెడ బలిశాక విత్తు కొట్టించడం అందుకే.

బర్డిజో పటకారుతో నొక్కితే విత్తుకు పోయే రక్తనాళాలు నలుగుతాయి. రక్తం అందక రెండు రకాల కణాలూ చనిపోతాయి. 4 నుంచి 6 వారాల్లో విత్తులు ఎండి చిన్నవవుతాయి.

ఇవి గమనించండి

• నొక్కించిన వెంటనే చూలు భయం పోదు. నాళాల్లో వీర్యం మిగిలి ఉంటుంది. 6 నుంచి 8 వారాలు ఆడ పశువులకు దూరంగా కట్టేయండి.
• 6 వారాలైనా ఒక విత్తు ఎండకపోతే ఆ వైపు నాళం సరిగా నలగలేదని అర్థం. మళ్లీ చూపించండి.
• తిత్తిలో ఒకటే విత్తు ఉంటే రెండోది సాధారణంగా ఒంటి లోపలే ఉండిపోతుంది. ఒంటి వేడికి అందులో వీర్యం తయారు కాదు గానీ లైడిగ్ కణాలు పని చేస్తూనే ఉంటాయి. కనిపించేది మాత్రమే కొట్టిస్తే చూలు కట్టించలేదు, పొగరు మాత్రం తగ్గదు. దీనికి ఆపరేషన్ అవసరం. ఈ లోపం పిల్లలకూ రావచ్చు కాబట్టి అలాంటి దాన్ని ఆంబోతుగా, విత్తనపు పోతుగా ఉంచకండి.
• వయసు మీరాక విత్తు కొట్టిస్తే పాత అలవాటు కొంతకాలం ఉండవచ్చు.

రాళ్లతో, కర్రలతో నలగ్గొట్టించకండి. పశువు నరకం చూస్తుంది, పుండు పడితే ధనుర్వాతంతో చనిపోవచ్చు. పటకారుతోనైనా రెండు నొక్కులు ఒకే వరుసలో పడితే తిత్తి తోలు కుళ్లుతుంది. అందుకే నేర్చినవారే చేయాలి. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం కూడా ఇది పశువైద్యులు, వారి పర్యవేక్షణలో అనుమతి ఉన్న సిబ్బంది చేయాల్సిన పని. దగ్గరి పశువైద్యశాలకు తీసుకెళ్లండి, లేదా సంచార పశువైద్యశాల కోసం 1962కు ఫోన్ చేయండి.