హైదరాబాద్ పేరుతో ఎగిరిన యుద్ధ విమానాలు

లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో డి.హెచ్.9ఎ రకం బాంబరు విమానం ఒకటి ఉంది. దాని సంఖ్య ఎఫ్ 1010. అది హైదరాబాద్ నిజాం బహూకరణ అని దానిపై రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వారికి బహూకరించిన 18 విమానాలలో అది ఒకటి. వాటిని పొందిన 110వ స్క్వాడ్రన్ పేరులో 'హైదరాబాద్' చేరింది.

ఇది నిజాం సైన్యంలోని దళమని విద్యార్థులు తరచుగా పొరబడతారు. పేరు, డబ్బు మాత్రమే మనవి. దళం పూర్తిగా బ్రిటిష్ వాయుసేనది.

డి.హెచ్.9ఎలో పైలట్, అతని వెనుక పరిశీలకుడు కూర్చునేవారు. దానికి 400 అశ్వశక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజను ఉండేది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరిన ఈ దళం పని జర్మనీ పారిశ్రామిక పట్టణాలపై పగటిపూట బాంబులు వేయడం. రెండు నెలల్లోనే భారీగా నష్టపోయింది. ఎఫ్ 1010 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ యుద్ధఖైదీలయ్యారు. తరువాత బెర్లిన్ మ్యూజియంలో, ఆపై పోలండ్‌లో ఉండి, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది.

ఈ యుద్ధ సహాయానికి ప్రతిఫలంగా నిజాంకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్', 'బ్రిటిష్ ప్రభుత్వ విశ్వాసపాత్ర మిత్రుడు' అనే బిరుదులు దక్కాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253వ స్క్వాడ్రన్‌లకూ హైదరాబాద్ పేరు పెట్టారు. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా, నినాదంగా 'విశ్వాసపాత్ర మిత్రుడు' అనే మాటలే కనిపిస్తాయి. 1940లో ఇంగ్లండ్ గగనతలంలో జర్మన్ విమానాలను 152వ దళం స్పిట్‌ఫైర్లతో, 253వ దళం హరికేన్లతో ఎదుర్కొన్నాయి.

అదే 1940లో మన జోడెఘాట్ కొండల్లో సంస్థాన పోలీసుల కాల్పులకు కుమ్రం భీం, అతని అనుచరులు బలయ్యారు. రిజర్వు అడవుల హద్దులు గీసి, పోడు భూముల నుంచి గోండులను వెళ్లగొట్టడమే ఆ తిరుగుబాటుకు మూలం. విమానాలకు డబ్బు ఖజానా నుంచి వచ్చినా, సొంత జాగీరైన సర్ఫ్-ఎ-ఖాస్ నుంచి వచ్చినా, రెండింటినీ నింపింది రైతు కట్టిన శిస్తే. యుద్ధ విరాళాలను ప్రభువు దాతృత్వంగా మాత్రమే రాసే చరిత్ర నాకు అసంపూర్ణంగా తోస్తుంది.

తిరుగుబాటు తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు అప్పగించింది. 1943లో ఉట్నూర్ తాలూకా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. ఆ సంవత్సరం చివరలోనే 152వ స్క్వాడ్రన్ బర్మా యుద్ధం కోసం భారతదేశానికి వచ్చింది.