ముజరాయి, దేవాదాయం: గుడి లెక్క ఎవరి చేతిలో?

జిగణి, ఆనేకల్ ప్రాంతాల్లో గుడి ఆస్తి గురించి, పూజారి జీతం గురించి మాట వస్తే వెంటనే వినిపించే పదం ‘ముజరాయి’. అత్తిబెలె దాటి హొసూరు వెళ్తే అదే వ్యవహారం ‘అఱనిలైయత్తుఱై’ పరిధిలోకి వస్తుంది. చిత్తూరులోనైనా, వరంగల్లులోనైనా దాని పేరు ‘దేవాదాయ ధర్మాదాయ శాఖ’. ఈ మూడు చోట్లా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. పెళ్ళిచూపులకూ పండుగలకూ సరిహద్దులు దాటే బంధువర్గం ఉంది. కాని గుడికి వెళ్ళి హుండీలో వేసిన రూపాయి ఎవరి లెక్కలోకి వెళ్తుందన్న ప్రశ్నకు మూడు చోట్లా మూడు సమాధానాలు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలిస్తే, మతానికీ ప్రభుత్వానికీ పౌరసమాజానికీ మధ్య ఇవాళ జరుగుతున్న వాదం కొంత తేటపడుతుంది.

మాటల్లో ఉన్న చరిత్ర

‘ముజరాయి’ దేవుడికి సంబంధించిన మాట కాదు, లెక్కలకు సంబంధించిన మాట. అరబ్బీ నుంచి పారసీ కచేరీల ద్వారా మన లెక్కల పుస్తకాల్లోకి వచ్చిన ‘ముజరా’కు మినహాయింపు అని అర్థం. రాజుకు రావలసిన శిస్తులో గుడికోసం, సత్రంకోసం మినహాయించి విడిచిపెట్టిన భాగం ముజరా. దాన్ని చూసే శాఖ ముజరాయి. అంటే సొమ్ము మొదట రాజుది. రాజు దయతో కొంత దేవుడికి విడిచాడు అనే భావం ఆ పేరులో దాగి ఉంది.

తెలుగు పేరులోని భావం దీనికి ఎదురుగా నిలుస్తుంది. శాసనాల్లో కనిపించే మాట ‘దేవదాయం’. దాయం అంటే ఇచ్చినది, దానం. ఒకసారి ఇచ్చాక అది దేవుడిదే. ఇచ్చినవాడికి కూడా దానిపై హక్కు లేదు. శాఖ పేరులో మాత్రం ‘దేవ’ తరువాత దీర్ఘం ఉంది. వ్యుత్పత్తి ఎలా చెప్పినా, సామాన్యుడి చెవికి అది ‘దేవుడి ఆదాయం’గానే వినిపిస్తుంది. దానం ఆదాయంగా వినిపించడం కేవలం ఉచ్చారణకు సంబంధించిన విషయం కాదని కింది చరిత్ర చెబుతుంది.

కుంపిణీ దొరల చేతిలో గుడి

1817లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన ఏడవ రెగ్యులేషన్ దేవాలయాల, సత్రాల మాన్యాలను రెవిన్యూ బోర్డు పర్యవేక్షణలో పెట్టింది. మాన్యాలు దుర్వినియోగం కాకుండా చూడడం దాని ప్రకటిత లక్ష్యం. ఆచరణలో జిల్లా కలెక్టరు గుడికి కూడా యజమాని అయ్యాడు. తిరుమల ఆలయం అంతకు ముందే కుంపిణీ అజమాయిషీలోకి వచ్చింది. 1821లో అక్కడి నిర్వహణకు ‘బ్రూస్ కోడ్’ అనే నియమావళి తయారైంది. కైంకర్యాలు ఎలా జరగాలి, ఎవరికి ఏ బాధ్యత అన్నవి ఇంగ్లీషు అధికారి పేరుమీద క్రోడీకృతం కావడం ఒక విచిత్రం. ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము కుంపిణీ ఖజానాకు చేరేది.

దీనిపై మొదటి గట్టి ఆక్షేపణ హిందువుల నుంచి కాక క్రైస్తవుల నుంచి వచ్చింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు ఊడిగం చేయడమేమిటని మిషనరీలు ప్రశ్నించారు. 1836లో మద్రాసులోని క్రైస్తవ మతాచార్యులు, ఉద్యోగులు ప్రభుత్వానికి విన్నపం పెట్టుకున్నారు. మద్రాసు సర్వసేనాని సర్ పెరెగ్రిన్ మైట్‌లాండ్ ఇదే విషయంలో 1838లో పదవి వదులుకున్నాడు. మత విశ్వాసం ఆధారంగా పౌరులు సంఘటితమై ప్రభుత్వ విధానాన్ని మార్చిన తొలి ఉదాహరణల్లో ఇదొకటని మనం గుర్తించాలి. ఫలితంగా కుంపిణీ గుళ్ళనుంచి తప్పుకుంది. 1843లో తిరుమల నిర్వహణ హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. వారికి ‘విచారణకర్త’ అని పేరు. 1933 వరకు, అంటే 90 సంవత్సరాలు, ఈ ఏర్పాటు సాగింది.

ప్రభుత్వం తప్పుకుంటే లెక్క భక్తుల చేతికి వచ్చిందా? రాలేదు. కలెక్టరు స్థానంలో మహంతు వచ్చాడు. మిగతా గుళ్ళకు 1863 నాటి ఇరవయ్యవ చట్టం స్థానిక కమిటీలను ఏర్పరచింది. కమిటీ సభ్యత్వం జీవితకాలం. ధర్మకర్త తప్పు చేస్తే కోర్టుకు వెళ్ళడమే దారి. కోర్టుకు వెళ్ళగలిగే స్తోమత గుడికి వచ్చేవారిలో ఎందరికుంటుంది? కాబట్టి గుళ్ళ తగాదాలు ప్లీడర్లకు జీవనోపాధిగా, పత్రికలకు వార్తగా మారాయి. కాని ఈ తగాదాల్లోంచే ‘గుడి సొమ్ము ప్రజల సొమ్ము’ అనే భావన బలపడిందని కూడా ఒప్పుకోవాలి.

ఒకే సంవత్సరం, రెండు చట్టాలు

ద్వంద్వ ప్రభుత్వం వచ్చాక మద్రాసులో ఎన్నికైన మంత్రులకు ఈ సమస్యను పట్టించుకునే అవకాశం కలిగింది. జస్టిస్ పార్టీ ముఖ్యమంత్రి పానగల్ రాజా పానగంటి రామరాయనింగారు తెలుగువాడు. ఆయన ప్రభుత్వం హిందూ దేవాదాయ బిల్లును 1922లో ప్రవేశపెట్టింది. మఠాధిపతులు, ధర్మకర్తలు ఇది మతంలో జోక్యమన్నారు. బ్రాహ్మణేతరుల పార్టీ చేస్తున్న చట్టం కాబట్టి ఇందులో కులరాజకీయం ఉందని మరికొందరన్నారు. ప్రజలిచ్చిన సొమ్ముకు లెక్క అడగడం మతంలో జోక్యం కాదన్నది ప్రభుత్వపక్షం వాదన. చట్టం 1925లో ఆమోదం పొందింది. దాని చెల్లుబాటుపై సందేహాలు రావడంతో 1927లో రెండవ చట్టంగా మళ్ళీ చేశారు. అదే 1927లో మైసూరు సంస్థానం కూడా తన ముజరాయి చట్టాన్ని చేసింది.

రెండు చట్టాల పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. మద్రాసుది ‘హిందూ మత ధర్మాదాయాల’ చట్టం. మైసూరుది ‘మత, ధర్మ సంస్థల’ చట్టం. మైసూరు పేరులో ‘హిందూ’ అనే మాట లేదు. మైసూరులో ముజరాయి రాజు ఇచ్చే మినహాయింపు గనుక, పుచ్చుకునేవారి మతం పేరులో చెప్పనక్కరలేకపోయింది. మద్రాసులో ఇచ్చేది రాజు కాదు. అక్కడ ఎన్నికైన మంత్రి ఒక మతస్థుల సొమ్ము గురించి చట్టం చేస్తున్నాడు. కాబట్టి ఏ మతమో చెప్పవలసి వచ్చింది. ఆనేకల్ గుడి మొదటి చట్టం కింద కాక రెండవదాని కిందకు, హొసూరు గుడి రెండవదాని కింద కాక మొదటి చట్టం కిందకు వచ్చాయి. రెండు ఊళ్ళ మధ్య దూరం స్వల్పం. రెండు చోట్లా తెలుగు పలుకే.

ఇదే 1925లో పంజాబు వేరే దారి తొక్కింది. మహంతుల నుంచి గురుద్వారాలను విడిపించడానికి అకాలీలు చేసిన ఉద్యమం తరువాత వచ్చిన సిక్కు గురుద్వారాల చట్టం, నిర్వహణను సిక్కులే ఓటు వేసి ఎన్నుకునే సంఘానికి అప్పగించింది. మద్రాసు చట్టం ప్రభుత్వం నియమించే బోర్డుకు అప్పగించింది. ఒకే సంవత్సరంలో, ఒకే బ్రిటిషు ఏలుబడిలో ఒకచోట భక్తుడికి ఓటు, మరొకచోట భక్తుడిపై బోర్డు. ఓటు వచ్చినంత మాత్రాన అంతా సవ్యంగా జరగలేదు. ఎన్నికలతోపాటు పార్టీ రాజకీయాలు కూడా గురుద్వారాల్లో ప్రవేశించాయి. అయినా భక్తుడంటే పౌరుడు కూడా అని ఆ చట్టం గుర్తించింది. మన చట్టాలు ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేదు.

బోర్డు చేసిన మేలు

1932 నాటి తిరుమల తిరుపతి దేవస్థానాల చట్టం మహంతుల పాలనను ముగించి, ప్రభుత్వం నియమించే కమిషనరును, కమిటీని తెచ్చింది. దీనివల్ల కలిగిన మేలు తెలుగు విద్యార్థికి స్వానుభవమే. 1939లో ప్రాచ్యపరిశోధన సంస్థ, 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాల, 1954లో విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలిశాయి. వీటి వెనుక దేవస్థానం సహాయం ఉంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో రెండు వేలకు పైగా రాగిరేకులపై ఉన్న తాళ్ళపాక కవుల కీర్తనలు అచ్చులోకి వచ్చింది దేవస్థానం ఖర్చుతోనే. వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ పనిలో ప్రముఖులు. ఆయన తరువాత ఆ పని చేపట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ అంతకు ముందు దాదాపు నాలుగు దశాబ్దాలు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పినవారు. కన్నడదేశంలో తెలుగు చదువుకుంటున్న మీకు ఆయన పూర్వాచార్యులు. అన్నమయ్య పదాన్ని మనం పాఠ్యపుస్తకంలో చదువుతున్నామంటే, ఎవరో యాత్రికులు హుండీలో వేసిన కానుకలో మనకూ వాటా ముట్టిందన్నమాట.

రెండవ మేలు ఇంకా పెద్దది. 1947 నాటి మద్రాసు ఆలయప్రవేశ చట్టం దళితులకు గుడి తలుపులు తెరిచింది. గుళ్ళు పూర్తిగా ధర్మకర్తల ఇష్టానికే వదిలి ఉంటే ఈ తలుపులు ఎప్పుడు తెరుచుకునేవో ఊహించడం కష్టం. ‘ప్రజలు’ అనే మాటలో ఎవరెవరు చేరతారన్నది చట్టం నిర్ణయించవలసి వచ్చిన సందర్భమది. ప్రభుత్వం గుళ్ళనుంచి పూర్తిగా వైదొలగాలని కోరేవారు ఈ సంగతి మరవకూడదు.

రాజ్యాంగం తరువాత

1951 నాటి మద్రాసు చట్టంపై, అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఉడుపి ప్రాంతపు శిరూరు మఠాధిపతి కోర్టుకెక్కారు. 1954లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మత విషయాల నిర్వహణ మతశాఖ ప్రాథమిక హక్కు; ఆస్తి నిర్వహణ మాత్రం చట్టానికి లోబడి ఉండాలి. శాఖ వసూలుచేసే మొత్తం సేవకు తగిన రుసుముగా లేదు, పన్నుగా ఉందని దాన్ని కొట్టివేసింది. ఆ తరువాత వచ్చిన ప్రతి వివాదమూ ఈ గీత పక్కనే జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల తరువాత 1987లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన చట్టం వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని, మిరాశీలను, అర్చకుల వారసత్వ హక్కును రద్దుచేసింది. అర్చకుడు చేసే పూజ మతకర్మ అయినా, అతని నియామకం లౌకిక వ్యవహారమని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తర్కం చట్టదృష్టితో సరైనదే. కాని పల్లెటూరి చిన్న గుడిలో మాన్యం పోయి, జీతం రాక దీపం పెట్టలేని అర్చకుడి పరిస్థితికి ఇది జవాబు చెప్పలేదు. 2007లో చట్టాన్ని సవరించి అర్చక కుటుంబాలకు కొంత ఊరట కల్పించవలసి వచ్చింది.

కర్ణాటకలో 1956 పునర్వ్యవస్థీకరణ తరువాత మైసూరు, మద్రాసు, బొంబాయి, హైదరాబాదు, కొడగు ప్రాంతాల గుళ్ళకు వేర్వేరు చట్టాలు చాలాకాలం కొనసాగాయి. అందరికీ కలిపి చేసిన 1997 నాటి చట్టం 2003లో అమలులోకి వచ్చింది. దాని పేరులో ‘హిందూ’ అనే మాట వచ్చి చేరింది. హైకోర్టు 2006లో దాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. ముజరాయి కింద సుమారు 34 వేల గుళ్ళున్నాయి. వాటిలో ఆదాయం గలవి కొన్ని వందలే. ధనవంతమైన గుడి నుంచి కొంత శాతం తీసుకుని ఉమ్మడి నిధి ద్వారా పేద గుడికి ఇవ్వడం పద్ధతి. ఆ శాతాలను మార్చే సవరణ బిల్లును 2024 ఫిబ్రవరిలో శాసనసభ ఆమోదించింది, శాసనమండలి తిరస్కరించింది, శాసనసభ మళ్ళీ ఆమోదించింది. ఆంధ్రలో 2025 జనవరి 5న విజయవాడ దగ్గర జరిగిన ‘హైందవ శంఖారావం’ సభలో గుళ్ళను ప్రభుత్వ అధీనం నుంచి తప్పించాలని కోరారు.

అడగవలసిన ప్రశ్న

ఈ వాదంలో ఒక పక్షం ‘ప్రభుత్వమా, మతమా’ అని అడుగుతుంది. రెండవ పక్షం ‘లౌకికమా, కాదా’ అని అడుగుతుంది. రెండు వందల ఏళ్ళ చరిత్ర చూస్తే రెండు ప్రశ్నలూ చాలవనిపిస్తుంది. లెక్కల పుస్తకం కలెక్టరు నుంచి మహంతుకు, మహంతు నుంచి కమిషనరుకు చేతులు మారింది. ఎవరి దగ్గర ఉన్నా, గుడికి వచ్చే మనిషి దాన్ని తిప్పి చూసే వీలు అంతగా లేకపోయింది. మేలు జరిగినప్పుడు పైవారి మంచితనం వల్ల జరిగింది. కీడు జరిగినప్పుడు అడిగే చోటు కోర్టు ఒక్కటే.

కాబట్టి గుడిని ఎవరు ‘విడిపించాలి’ అన్నదానికంటే ముందు తేలవలసిన సంగతులు మూడున్నాయి. లెక్క ఊరివారందరి ముందూ చదువుతారా? నిర్వహణ సంఘంలో ఒకప్పుడు గుడి బయటే నిలబడిన కులాలవారికి చోటుందా? మిగిలిన సొమ్ము ఏ గుడికి, ఏ బడికి వెళ్ళాలో నిర్ణయించేటప్పుడు ఇచ్చినవారి మాట వింటారా? ఈ మూడింటికీ సరైన సమాధానం ఉంటే నిర్వహణ శాఖదైనా, సంఘానిదైనా పెద్ద తేడా రాదు. లేకపోతే పాత మహంతు కొత్త పేరుతో తిరిగి వస్తాడు.

విద్యార్థులు చేయగల పని ఒకటుంది. మీ ఊరి గుడి ఏ చట్టం కింద ఉందో, దాని మాన్యం ఎంతో, ఎవరి పేర నమోదైందో తెలుసుకోండి. ఆనేకల్ వైపు ఉంటే ముజరాయి దస్తరాలు కన్నడంలో ఉంటాయి. హొసూరు వైపు ఉంటే తమిళంలో. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో తమిళం నేర్చిన మీకంటే ఈ మూడింటినీ పోల్చి చదవగలవారు ఎవరు?