గుర్తుండే నంబరు

మీకు నచ్చిన ఒక సంఖ్యను తీసుకొని దాని వెనక ఉన్న చరిత్ర రాయండి అని మా చరిత్ర సారు చెప్పారు. మా తరగతిలో చాలామంది 1857, 1947 తీసుకున్నారు. నేను 988 అన్నాను. "అది ఏ రాజు కాలం రా?" అని సారు అడిగితే అందరూ నవ్వారు. అది సంవత్సరం కాదు సార్, అమెరికాలో ఒక ఫోను నంబరు అన్నాను.

దీన్నే ఎందుకు తీసుకున్నానో ముందు చెప్తాను. పోయిన ఏడు ప్లస్ టూ ఫలితాలు వచ్చినాక మా అక్క ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. రెండు ముద్దలు తిని లేచిపోయేది. ఒక రాత్రి అమ్మతో, "నేను లేకుంటే మీకు ఈ బాధ ఉండదు" అంది. అమ్మ భయపడిపోయింది. ఇలాంటప్పుడు ఫోను చేయడానికి ఒక నంబరు ఉందని బడిలో కాగితం ఇచ్చిన సంగతి నాకు గుర్తొచ్చింది. నంబరు మాత్రం గుర్తు రాలేదు. పుస్తకాలన్నీ తిరగేసినా కాగితం దొరకలేదు. ఫోనులో వెతకాలని ఆ కంగారులో ఎవరికీ తోచలేదు. అమ్మ, అవ్వ తెల్లవార్లూ అక్క పక్కనే కూర్చున్నారు. పొద్దున్నే నాయన ఆస్పత్రికి తీసుకుపోయాడు. ఇప్పుడు అక్క బాగుంది. ఈ సంగతి రాయమని తనే చెప్పింది.

ఇక చరిత్రకు వస్తాను. అమెరికాలో 911కు మొదటి ఫోను 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊరిలో చేశారు. నిప్పంటుకున్నా, దొంగలు పడ్డా, గుండె నొప్పి వచ్చినా ఆ మూడంకెలే. 2007 నుంచి 811 కూడా దేశమంతా పనిచేస్తోంది. నేలలో గుంత తవ్వేముందు కింద గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు ఉన్నాయేమో అడగడానికి అది. అంటే గుంత తవ్వడానికి కూడా చిన్న నంబరు ఉంది. చనిపోవాలనిపించేంత బాధలో ఉన్నవాళ్ళకు మాత్రం 2005 నుంచి ఉన్నది 1-800-273-8255. పదకొండు అంకెలు! మనసు బాగున్నప్పుడే గుర్తుండవు.

2018లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఒక చట్టం చేసి, చిన్న నంబరు పెట్టడం కుదురుతుందా అని ఆలోచించమంది. 211, 311 లాంటివన్నీ అప్పటికే వేరే పనులకు వాడుతున్నారు. అక్కడి టెలిఫోన్ వ్యవహారాలు చూసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ అధికారులు 2019లో 988 మంచిదని చెప్పారు. తరువాత రిపబ్లికన్ సెనేటర్ కోరీ గార్డ్‌నర్, డెమోక్రాట్ సెనేటర్ టామీ బాల్డ్‌విన్ మొదలైనవారు కలిసి బిల్లు తెచ్చారు. ఎప్పుడూ పోట్లాడుకునే రెండు పార్టీలూ దీనికి ఒప్పుకున్నాయి. 2020 అక్టోబరు 17న అది చట్టమైంది. 988 దేశమంతా మోగడం మొదలైంది 2022 జూలై 16న.

నంబరు ఇస్తే చాలదు. ఫోను ఎత్తే మనుషులు ఉండాలి, వాళ్ళకు జీతం ఇవ్వాలి. 911 కోసం ఫోను బిల్లులో కొంచెం రుసుము వసూలు చేసినట్టే 988 కోసమూ రాష్ట్రాలు వసూలు చేసుకోవచ్చని ఆ చట్టంలో ఉంది. ఆ డబ్బును ఈ పనికే వాడాలి. వర్జీనియా, వాషింగ్టన్, నెవాడా, కొలరాడో 2021లోనే ఆ రుసుము పెట్టాయి. చాలా రాష్ట్రాలు వెంటనే పెట్టలేదు. నాకు ఈ చట్టంలో ముఖ్యంగా కనిపించింది ఇదే. మనసు బాధ కూడా నిప్పంటుకోవడం లాంటి ఆపదే, ఆర్పడానికి అందరం తలా కొంత ఇవ్వాలి అని అది ఒప్పుకుంది.

మన దేశంలో మానసిక వైద్యం పొందడం హక్కు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. 2022 అక్టోబరు 10న టెలి మానస్ మొదలైంది. దాని నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. మాలాగా తమిళనాడులో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకు ఇది పెద్ద సాయం. ఏడుపు వచ్చినప్పుడు అమ్మ భాషే కదా నోటికి వచ్చేది!

వ్యాసం చదివినాక సారు తరగతిలో అడిగారు, 108 ఎవరికి తెలుసు అని. అందరూ చేతులెత్తారు. 14416 అంటే ఇద్దరే ఎత్తారు. అందులో ఒకడిని నేను.

మా ఇంట్లో వంటగది తలుపు మీద గ్యాసు నంబరు కింద అక్క తన చేత్తో 14416 అని రాసింది. మీరూ మీ ఇంట్లో రాసి పెట్టండి. అవసరం పడకూడదనే కోరుకుందాం. పడితే మాత్రం ఎవరూ మాలాగా కాగితం కోసం వెతుక్కోకూడదు.