బోధన్ చెరుకు సీమ మౌఖిక చరిత్ర: డిజిటల్ భాండాగార నమూనాల పరిశీలన

మంజీర నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని కాలువల కింద పండే చెరుకును ఆధారం చేసుకొని 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. కర్మాగారం పాలనకు ప్రభుత్వ పత్రాలు సాక్ష్యం చెబుతాయి. అక్కడి పనిభాషకు మాత్రం పనిచేసినవారి జ్ఞాపకమే ఆధారం. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిన ఆ భాషను డిజిటల్ రూపంలో భద్రపరచడం నా పరిశోధనలో భాగం. అందుకు ముందుగా మూడు నమూనాలను పరిశీలించి, వాటి నుండి గ్రహించదగిన సూత్రాలను నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అరుదైన తెలుగు గ్రంథాలెన్నో దీనివల్ల పరిశోధకులకు అందాయి. అయితే తెలుగు పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో, నిలకడలేని వర్ణక్రమంతో నమోదు చేయడం వల్ల ఉన్న పుస్తకం కూడా లేనట్టే అయింది. తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగు లిపిలో పట్టికలు తయారుచేశాక ఆ లోటు కొంత తీరింది. అంటే భద్రపరచడం ఒక పని, దొరికేలా చేయడం మరొక పని.

రెండవది తెలుగు వికీసోర్స్. ఇందులో పుట ప్రతిబింబం పక్కనే పాఠం ఉంటుంది. ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూసి ఆమోదిస్తారు. తప్పును దాచకుండా, దిద్దుకొనే వీలును అందరికీ ఇవ్వడం దీని బలం.

మూడవది 2014లో పి. సాయినాథ్ ప్రారంభించిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా. ఇందులోని మరాఠీ తిరుగలి పాటల సంకలనం లక్షకు పైగా పాటలున్న సంపద. పాటతోపాటు పాడిన స్త్రీ పేరు, ఊరు కూడా నమోదు కావడం వల్ల ఆమె అజ్ఞాత వక్తగా మిగలదు.

అయితే ఈ గుణాలను యథాతథంగా స్వీకరించలేము. హక్కుల గడువు తీరిన గ్రంథాన్ని ఎవరైనా వాడుకోవడం మేలే. ఉపాధి కోల్పోయిన కార్మికుని మాటను ఎవరైనా ఎలాగైనా వాడుకోవడం అతనికి హాని చేయవచ్చు. అక్కడ పేరు గౌరవమైతే, ఇక్కడ అదే పేరు భారం కావచ్చు. కాబట్టి పేరు ప్రకటించాలో వద్దో వక్తయే నిర్ణయించాలి. ఇచ్చిన మాటను తరువాత ఉపసంహరించుకొనే హక్కూ అతనికి ఉండాలి.

వెతుకులాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. శక్కర్‌నగర్, షక్కర్‌నగర్ అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. కర్మాగారాన్ని స్థానికులు షుగర్ ఫ్యాక్టరీ అంటారు. నిజాంసాగర్ ఆయకట్టుకు వలస వచ్చినవారి ఊళ్ల పేర్లలో 'క్యాంపు' అనే మాట నిలిచిపోయింది. ప్రామాణిక రూపం ఒక్కటే నమోదు చేస్తే వాడుక చరిత్ర కనుమరుగవుతుంది.

అందువల్ల వందల రికార్డింగులకు బదులు పది వాఙ్మూలాలతోనే ప్రారంభించాలని నిర్ణయించుకున్నాను. ప్రతి లిఖితపాఠాన్నీ చెప్పినవారికి చదివి వినిపించి, వారి దిద్దుబాట్లను చేర్చాలి. జిల్లాకు మరో అంచున ఉన్న ముప్కాల్ పాఠకుడు తన ఫోనులో, తనకు తెలిసిన మాటతో వెతికినప్పుడు బోధన్ కార్మికుని గొంతు వినిపించాలి. ఈ ప్రయత్నం విలువను నిర్ణయించవలసిన కొలమానం అదే.