లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరి చెమట?



చలికాలం వస్తే చాలు, మన ఫోన్లల్ల అన్నీ లంబసింగి వీడియోలే. మంచుల బైకులు, జీపులు మలుపులు తిరుగుకుంట ఘాట్ ఎక్కుతుంటయి. మొన్న గోదావరిఖనిల మా హాస్టల్ రూముల కూసొని మేం కూడా చూసినం, పోదామని అనుకున్నం. కానీ ఆ రోడ్డు ఎట్ల పుట్టిందో మాలో ఒక్కరికీ తెల్వదు. అందుకే చదివినం. తెలిసింది రాస్తున్నం.

లంబసింగి ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కింద మైదానంలో నర్సీపట్నం, పైన చింతపల్లి. వందేళ్ల కింద ఈ మన్యంలో మనుషులు నడిచే కాలిబాటలే ఎక్కువ. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగినయి. అడవి నుంచి కలప తేవాలన్నా, పోలీసులు పైకి ఎక్కాలన్నా సర్కారుకు రోడ్డు కావాలి. ఆ పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతికి వచ్చింది. ఆయన కొండ మీది మనవాళ్లను బలవంతంగా పనికి దింపిండు. రాళ్లు కొట్టించిండు, మట్టి మోయించిండు, కూలి మాత్రం సరిగ్గా ఇయ్యలేదు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర లాంటి వాళ్లు ఆయనతో తలపడి నష్టపోయిండ్రు.

ఆ కోపమే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు ముందు వరుసలో ఉన్నరు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నరు.

ఇక్కడ ఘాట్ సంగతి బాగా అర్థం చేసుకోవాలె. ఇరుకు బాటలో పటాలం పక్కపక్కన నడవలేదు, ఒకరి వెనుక ఒకరే రావాలె. పైన చెట్ల చాటున ఉన్నోనికి కిందోడు అంతా కనబడతడు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులను కాల్చిండ్రు. తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చినయి. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర చంపిండ్రు. తర్వాతి నెలలోనే గంటందొర కూడా పోయిండు. మల్లుదొర జైలు నుంచి బయటికొచ్చి, 1952లో లోక్‌సభకు గెలిచిండు.

మనోళ్లకు రోడ్డంటే పడదని కొందరు అంటరు. అది తప్పు. వాళ్లు ఎదిరించింది వెట్టిని, దొంగకూలిని. రోడ్డు ఎవరి కోసం, ఎవరి చెమటతో అన్నదే వాళ్ల ప్రశ్న. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల మీద డంపర్లు మలుపులు తిరుగుతూ ఎక్కుతుంటే మాకు అదే ప్రశ్న యాదికొస్తది. బొగ్గు కోసం ఎంత పెద్ద గుట్టకైనా బాట పడ్తది. అదే మన్యంలో ఇప్పటికీ కొన్ని గూడేల నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తున్నరు.

లంబసింగి పోండ్రి, తప్పు లేదు. మేం కూడా పోతం. కానీ మలుపు దగ్గర సెల్ఫీ దిగేటప్పుడు ఆ రాళ్లు కొట్టిన చేతులను ఒక్కసారి తలుసుకోండ్రి. పండుగకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి రోడ్డు ఎవరు వేసిండ్రో తాతమ్మలను అడిగి, ఇక్కడ రాయండ్రి. మనం రాయకపోతే అది ఎక్కడా ఉండదు.

జై ఆదివాసీ.