దేశం పిలిస్తే క్లబ్బు ఎందుకు ఇడుస్తలేదు?

2023 సెప్టెంబర్ 19 నాడు నేను ఫోన్ల ఫుట్‌బాల్ చూస్తున్న. చైనాల హాంగ్‌జౌ ఆసియా క్రీడలు. మనకు మొదటి మ్యాచే చైనాతోటి పడ్డది. ఫస్టాఫ్ ఆఖర్ల రాహుల్ కేపీ కుడిదిక్కు నుంచి ఉరుక్కుంట పోయి, ఇరుకు సందుల నుంచి గోల్ కొట్టిండు. 1-1. నేను మంచం మీదికెళ్లి లేచి నిలబడ్డ. సెకండాఫ్‌ల మనోళ్ల కాళ్లు ఆడలే. నాలుగు గోల్స్ పడ్డయ్. 5-1తోటి ఓడిపోయినం.

ఆ జట్టు చైనాల దిగిందే మ్యాచ్‌కు ముందు రోజు. అందరు కలిసి ప్రాక్టీస్ చేసే టైమే దొరకలే. ఆగస్టుల 22 మంది పేర్లు ప్రకటిస్తే, అందుల చానా మందిని ఐఎస్ఎల్ క్లబ్బులు పంపలే. ఎందుకంటే సెప్టెంబర్ 21న ఐఎస్ఎల్ షురూ అయితున్నది. ఆఖరికి దొరికినోళ్లతోటి మల్లొక జట్టు కట్టిన్రు. కుర్రోళ్ల జట్టుల 39 ఏండ్ల సునీల్ ఛెత్రి మీద బరువు పడ్డది. బంగ్లాదేశ్ మీద 1-0తోటి గెలిచి, మయన్మార్‌తోటి 1-1 సమానం చేసుకొని, సౌదీ అరేబియా చేతుల 2-0తోటి ఓడి ఇంటికొచ్చిన్రు.

గప్పుడు నేను గూడ అందరి లెక్కనే క్లబ్బులను తిట్టిన. దేశం కన్నా మీ లీగే ఎక్కువనా అని. తర్వాత ఫిఫా రూల్స్ తీసి చదివిన. సగం తప్పు నాదే అని అర్థమైంది. మిగిలిన సగం గురించి చెప్పాలనే ఇది రాస్తున్న. ఎందుకంటే క్లబ్బు, ఫెడరేషన్ కొట్లాటల ఎక్కువ నష్టపోయేది 18, 20 ఏండ్ల పోరగాళ్లు. రేపు మన ఊరి నుంచి ఒకడు క్లబ్బుకు పోతే, వాని మెడకు పడేది గూడ ఇదే ముడి.

రూల్ ఏం చెప్తది?

ప్లేయర్లు ఒక క్లబ్బు నుంచి ఇంకో క్లబ్బుకు మారుడు, క్లబ్బు నుంచి దేశం జట్టుకు పోవుడు, వీటన్నిటికి ఫిఫా ఒక రూల్ బుక్ పెట్టింది. దేశం జట్టు సంగతి దాని మొదటి అనుబంధంల ఉంటది. సారం గిది.

ఫిఫా ముందుగాలనే ఒక క్యాలెండర్ ఇస్తది. అందుల కొన్ని రోజులను దేశాల మ్యాచ్‌ల కోసం పక్కకు పెడ్తది. వీటినే 'ఫిఫా విండో' అంటరు. మామూలు విండో సోమవారం పొద్దుగాల మొదలై, వచ్చే వారం మంగళవారం రాత్రికి అయిపోతది. అంటే తొమ్మిది రోజులు. ఆ రోజుల్ల దేశం పిలిస్తే క్లబ్బు పంపాల్సిందే, వద్దనేటందుకు లేదు. ప్రపంచ కప్, ఆసియా కప్ అసొంటి సీనియర్ టోర్నీల ఫైనల్ రౌండ్లకు గూడ పంపాల్సిందే.

పిలిచే ఫెడరేషన్‌కు గూడ పని ఉన్నది. విండో మొదలయ్యేటందుకు కనీసం 15 రోజుల ముందు ప్లేయర్‌కు కాయితం రాయాలె. అదే టైంల క్లబ్బుకు గూడ చెప్పాలె. రానుపోను ఖర్చు ఫెడరేషన్‌దే. ఇచ్చినందుకు క్లబ్బుకు పరిహారం అడిగే హక్కు లేదు. ఆ రోజుల్ల ప్లేయర్‌కు ఇన్సూరెన్స్ ఉండేటట్టు చూసుకునే బాధ్యత మాత్రం క్లబ్బు మీదనే పెట్టిన్రు.

పిలుపు ఉన్న రోజుల్ల ప్లేయర్ జాతీయ జట్టుకు పోకుంట క్లబ్బుకు ఆడరాదు. ఆ గడువు అయిపోయినంక ఇంకో ఐదు రోజులు గూడ ఆడనియ్యకుంట ఆపొచ్చు.

ఇగ అసలు ముచ్చట. విండో బయట, ఆ టోర్నీలు కాకుంట, పంపుడు తప్పనిసరి కాదు. క్లబ్బుకు ఇష్టమైతే పంపుతది, లేకుంటే లేదు. ఆసియా క్రీడలు ఫిఫా క్యాలెండర్ల లేవు. అంటే 2023ల క్లబ్బులు రూల్ తప్పలే.

పోరగాళ్లే ఎందుకు నలుగుతరు?

పంపుడు తప్పనిసరి అని చెప్పిన టోర్నీలన్ని సీనియర్ జట్లవే. అండర్-17, అండర్-20 ప్రపంచ కప్‌లకు ఆ బలం లేదు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ 23 ఏండ్ల లోపోళ్ల ఆట, పైన ముగ్గురు పెద్దోళ్లకు చోటు. దానికీ లేదు. ఆసియా క్రీడలు గూడ గంతే. అసలు తయారు కావాల్సిన వయసుల ఆడే టోర్నీలకే రూల్ అండ లేదన్నట్టు.

ఇది మన దేశం కథ ఒక్కటే కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్జెంటీనా మెస్సీని పిలిచింది. అప్పుడు మెస్సీకి 21 ఏండ్లు. బార్సిలోనా వద్దన్నది. పంచాయితీ క్రీడా కోర్టు దాక పోయింది. ఒలింపిక్స్ ఫిఫా క్యాలెండర్ల లేదు కాబట్టి పంపే బాధ్యత క్లబ్బుకు లేదని ఆగస్టు 6న కోర్టు తేల్చింది. అయినా మెస్సీ ఆడిండు. ఎట్లంటే, కొత్తగ కోచ్ అయిన గార్డియోలా పోనియ్యమన్నడు. అర్జెంటీనా బంగారు పతకం గెలిచింది. గెలిచింది క్లబ్బే అయినా, పోరని మనసు చూసి ఇడిచిపెట్టిన్రు.

2025ల చిలీల అండర్-20 ప్రపంచ కప్ జరిగింది. 18 ఏండ్ల మస్తంతువోనొ రియల్ మాడ్రిడ్‌ల ఉన్నడు, అర్జెంటీనా జట్టుల లేడు. అర్జెంటీనా ఫైనల్ దాక పోయి మొరాకో చేతుల 2-0తోటి ఓడింది. మస్తంతువోనొ అసొంటోనికి రియల్ మాడ్రిడ్‌ల ఆడే చాన్స్ వస్తది, నష్టం అంత పెద్దగ తెల్వది. మన దగ్గర సంగతి వేరే. చానా మంది కుర్రోళ్లు క్లబ్బుల బెంచీ మీద కూసుంటరు. అక్కడ ఆడరు, దేశం పిలిస్తే అక్కడికీ పోరు. 20 ఏండ్లకు పోయిన టోర్నీ 24 ఏండ్లకు మల్ల రాదు.

ఇంకొకటి యాది చేసుకోవాలె. 2018 ఆసియా క్రీడలకు ఒలింపిక్ సంఘం ఫుట్‌బాల్ జట్టునే పంపలే. 2023ల గూడ ఆసియాల మొదటి ఎనిమిదిల లేరని మొదలు వద్దన్నరు. జులైల సడలింపు ఇచ్చిన్రు. అంటే 2014 తర్వాత దొరికిన మొదటి చాన్స్ అది. దాన్ని గూడ సగం జట్టుతోటి ఆడినం.

క్లబ్బు బాధ గూడ వినాలె

జీతం ఇచ్చేది క్లబ్బు. తిండి, ఉండుడు, ఫిజియో, డాక్టర్, అన్ని క్లబ్బే చూసుకుంటది. క్యాంపుల మోకాలు తిరిగితే ఆరు నెలలు జీతం ఇచ్చుకుంట కూసోవెట్టేది గూడ క్లబ్బే. సీనియర్ జట్టు మ్యాచ్‌ల కోసం ఫిఫా ఒక పథకం పెట్టింది. దెబ్బ తగిలి 28 రోజుల కన్నా ఎక్కువ ఆడకుంట అయితే క్లబ్బుకు పైసలు కడ్తది, 75 లక్షల యూరోల దాక. ప్రపంచ కప్‌కు ప్లేయర్లను ఇచ్చిన క్లబ్బులకు 2022ల 20.9 కోట్ల డాలర్లు పంచింది. మన అండర్-20, అండర్-23 క్యాంపులకు పోరగాళ్లను ఇచ్చే క్లబ్బుకు గంత భరోసా ఏడున్నది?

2025 ఆగస్టుల ఖాలిద్ జమీల్ కొత్త కోచ్ అయినంక బెంగళూరుల క్యాంపు పెడితే, మోహన్ బగాన్ తన ప్లేయర్లను ఇయ్యలే. ఫిఫా విండో కాదన్నది. ఆ జట్టే తజికిస్తాన్ పోయి కాఫా కప్‌ల ఒమాన్‌ను షూటౌట్ల ఓడించి మూడో స్థానం తెచ్చింది. ఇయ్యకున్నా గెలిచినం గదా అని కొందరు అన్నరు. నేను అట్ల అనను. ఒకసారి గట్టెక్కినమని ప్రతిసారి దేవుని మీద భారం వేస్తే అయితదా?

హైదరాబాద్ల ఒకప్పుడు

మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. దేశం జట్టుకు గూడ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్ల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, 1962 జకార్తాల మల్ల బంగారం. 'మైదాన్' సినిమా ఆయన కథే. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి పోయిన తులసీదాస్ బలరాం 20 ఏండ్ల వయసుల మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడిండు.

అప్పట్ల ఆటగానికి కొలువు డిపార్ట్‌మెంట్ల ఉండేది. క్లబ్బుకు నేర్పే మనిషి, దేశానికి నేర్పే మనిషి ఒక్కడే. ఇడుస్తరా ఇడ్వరా అనే పంచాయితీకి జాగ తక్కువ. ఆ రోజులు మల్ల రావు, క్లబ్బులిప్పుడు యాపారం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022ల ఐఎస్ఎల్ గెలిచింది, 2025ల పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. నిజామాబాద్ బిడ్డ సౌమ్య గుగులోత్ 2022ల క్రొయేషియాల డైనమో జాగ్రెబ్ దాక పోయింది. మన పోరగాళ్లు, పోరిలు ఇగ ఏ రాష్ట్రం క్లబ్బుల, ఏ దేశం క్లబ్బుల సంతకం పెడ్తరో తెల్వది. అందుకే రూల్ తెలుసుకొని ఉండుడు మంచిది.

ఏం చేయొచ్చు?

ఒక తొవ్వ మనమే తొక్కి ఇడిచిపెట్టినం. 2017ల అండర్-17 ప్రపంచ కప్ మన దేశంల జరిగింది. ఢిల్లీల కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టిన గోల్, ఫిఫా ప్రపంచ కప్‌ల మన దేశానికి మొదటి గోల్. ఆ పోరగాళ్లు చెల్లాచెదురు కాకుంట ఫెడరేషన్ 'ఇండియన్ యారోస్' అనే జట్టును మల్ల నిలబెట్టి, ఐ-లీగ్‌ల ఆడిపిచ్చింది. దేశం కుర్రోళ్ల జట్టే క్లబ్బు అన్నట్టు. ఇగ ఎవలను అడుగుడు? 2022ల దాన్ని మూసేసిన్రు.

ఉజ్బెకిస్తాన్ గూడ 2021ల 'ఒలింపిక్' అనే క్లబ్బు పెట్టి, యువ ఆటగాళ్లను వాళ్ల లీగ్‌ల ఆడిపిచ్చింది. ఆ దేశం ఫుట్‌బాల్‌ల మొదటిసారి 2024 పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది, 2026 ప్రపంచ కప్‌కు గూడ మొదటిసారి అర్హత తెచ్చుకున్నది. అదొక్కటే కారణమని నేను అనను. కలిసి ఆడే టైం దొరికినోళ్లు గెలుస్తరని మాత్రం అంట.

నా లెక్కల నాలుగు పనులు కావాలె. ఒకటి, కుర్రోళ్ల టోర్నీల తేదీలు ఎప్పుడో తెలిసినయే, లీగ్ షెడ్యూల్ రాసేటప్పుడే వాటిని ముంగట పెట్టుకోవాలె. ఆసియా క్రీడల తేదీ రాత్రికి రాత్రి రాలే గదా. రెండు, క్యాంపుకు వచ్చే పోరగాళ్లకు ఫెడరేషనే ఇన్సూరెన్స్ కట్టాలె. దెబ్బ తగిలితే జీతం ఎవరిస్తరు, ఆపరేషన్ ఎవరు చేపిస్తరు అనేది ముందుగాల్నే రాసుకోవాలె. మూడు, ఒక్క క్లబ్బు మీదనే భారం వేయకుంట, ఒక్కో క్లబ్బు నుంచి ఇంతమందే అని లెక్క పెట్టుకోవాలె. నాలుగు, పోరన్ని గూడ అడగాలె. వాని పేరు మీద రెండు ఆఫీసులు ఉత్తరాలు రాసుకుంటయ్, వాన్ని అడిగేటోడు ఉండడు.

సంతకం పెట్టే ముందు

తమ్మీ, చెల్లే, మీకు క్లబ్బు నుంచో అకాడమీ నుంచో కాయితం వస్తే, జీతం అంకె కాడనే ఆగకుర్రి. జాతీయ క్యాంపు పిలుపు వస్తే ఏం చేస్తరో అందుల ఉన్నదా చూడుర్రి. లేకుంటే రాయమని అడుగుర్రి. విండో బయట గూడ అండర్-20, అండర్-23 పిలుపులకు పంపుతమని ఒక్క లైన్ రాసిస్తే, రేపు అదే మీకు ఆధారం. క్యాంపుల దెబ్బ తగిలితే జీతం నడుస్తదా, వైద్యం ఎవరిది అని అడుగుర్రి. పిలుపు ఉత్తరం మీ చేతికి గూడ రావాలె, ఒక కాపీ పెట్టుకోర్రి. 18 ఏండ్లు నిండకుంటే అమ్మానాయిన సంతకం ఉంటది, వాళ్లకు ఇదంత తెలుగుల చదివి చెప్పుర్రి. ఇంగ్లీష్ల ఉన్నదని సిగ్గుపడి అడగకుంట సంతకం పెట్టకుర్రి.

అడిగితే క్లబ్బు కోపం చేస్తదేమో అని భయం ఉంటది. ఒక్కడు అడిగితే కోపం చేస్తరు. పది మంది అడిగితే కాయితంల ఆ లైన్ ముందుగాల్నే అచ్చేసి ఉంచుతరు.