కూతుళ్లు లేకపోతే చర్చిల్ లేడు: మార్ల్‌బరో డ్యూకుల కథ

విన్‌స్టన్ చర్చిల్ పేరు వినని వాళ్లుండరు. కానీ ఆ "చర్చిల్" అనే ఇంటిపేరు ఆయన వంశానికి ఒక కూతురి వైపు నుంచి వచ్చిందని తెలుసా? తండ్రుల లైన్ మాత్రమే చూస్తే ఆయన స్పెన్సర్. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు చిన్న బేసిక్స్. బ్రిటన్‌లో రాజవంశం తర్వాత పెద్ద బిరుదు డ్యూక్. ఆ కింద మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. రూల్ దాదాపు ఎప్పుడూ ఒకటే: బిరుదు పెద్ద కొడుక్కి వెళ్తుంది. కొడుకులు లేకపోతే తమ్ముడికో, తమ్ముడి కొడుక్కో. అలా మగవాళ్లెవరూ మిగలకపోతే బిరుదే అంతరించిపోతుంది. కూతుళ్లు ఎంతమంది ఉన్నా సరే.

ఇప్పుడు అసలు కథ. జాన్ చర్చిల్ అనే సైన్యాధిపతిని 1702లో ఆన్ రాణి మార్ల్‌బరో డ్యూక్‌ని చేసింది. కొన్ని నెలలకే, 1703లో, కేంబ్రిడ్జ్‌లో చదువుతున్న ఆయన కొడుకు మశూచితో చనిపోయాడు. ఇంకో కొడుకు పసితనంలోనే పోయాడు. మిగిలింది నలుగురు కూతుళ్లు. మరుసటి ఏడాది, 1704 ఆగస్టు 13న, జర్మనీలోని బ్లెనిమ్ దగ్గర ఆయన ఫ్రెంచ్ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. దేశమంతా హీరో. కానీ ఆ హీరో బిరుదు ఆయనతోనే పోతుంది!

అప్పుడేం చేశారంటే, ఏకంగా రూల్‌నే మార్చారు. 1706లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది: ఈ బిరుదు కూతుళ్ల ద్వారా కూడా కొనసాగవచ్చని. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక్క కస్టమర్ కోసం వేసిన ప్యాచ్ అన్నమాట.

1722లో జాన్ చనిపోగానే పెద్ద కూతురు హెన్రియెట్టా స్వయంగా మార్ల్‌బరో డచెస్ అయింది. ఎవరికో భార్యగా కాదు, తన సొంత హక్కుతో.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆమె కొడుకు 1731లో, ఆమె 1733లో చనిపోయారు. ఆమె కూతుళ్లిద్దరూ బతికే ఉన్నారు. బిరుదు వాళ్లకి వచ్చిందా? రాలేదు. హెన్రియెట్టా చెల్లెలు ఆన్ కొడుకు, చార్లెస్ స్పెన్సర్‌కి వెళ్లింది. చట్టం కూతురికి తలుపు తెరిచింది నిజమే, కానీ తెరిచిన వెంటనే మళ్లీ మగపిల్లాడి కోసమే వెతికింది.

అలా వంశం స్పెన్సర్‌లది అయిపోయింది. చార్లెస్ తమ్ముడి వంశంలోనే తర్వాత డయానా పుట్టింది. 1817లో ఐదో డ్యూక్ పాత పేరు పోకూడదని ఇంటిపేరుని స్పెన్సర్-చర్చిల్‌గా మార్చుకున్నాడు.

కానీ బిరుదు ఉంటే సరిపోదు, ప్యాలెస్ నడపాలి కదా! తొమ్మిదో డ్యూక్ 1895లో అమెరికన్ రైల్వే కుబేరుల కూతురు కాన్సువేలో వాండర్‌బిల్ట్‌ని పెళ్లి చేసుకున్నాడు. కట్నంగా 25 లక్షల డాలర్ల రైల్వే షేర్లు. ఆ అమ్మాయికి 18 ఏళ్లు. ఇష్టం లేదు, తల్లి బలవంతం. ఇద్దరు కొడుకులు పుట్టినా కాపురం నిలవలేదు, 1921లో విడాకులు అయ్యాయి.

1897లో మొదటి కొడుకు పుట్టేవరకూ ఆ బిరుదుకి తర్వాతి వారసుడు ఎవరో తెలుసా? డ్యూక్ బాబాయి కొడుకు, విన్‌స్టన్ చర్చిల్. ఆ బాబు పుట్టకుండా బిరుదు విన్‌స్టన్‌కి వచ్చి ఉంటే, ఆయన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చునేవాడు. ఆ రోజుల్లో బిరుదు వదులుకునే వీలు కూడా లేదు. 1940లో ఆయన ప్రధాని కావడం చాలా కష్టమయ్యేది.

2013లో బ్రిటన్ సింహాసనం రూల్ మార్చింది. ఇప్పుడు రాజకుటుంబంలో అక్క ముందు పుడితే అక్కే ముందు. కానీ డ్యూకుల బిరుదులకు ఆ మార్పు వర్తించదు. అక్కడ అక్కలు ఎందరున్నా తమ్ముడే వారసుడు.

"సంప్రదాయం అండీ, మార్చలేం" అని ఎవరైనా అంటే నాకు 1706 గుర్తొస్తుంది. పేరు పోతుందని భయం వేసినప్పుడు పార్లమెంటే కూర్చుని మార్చింది. అంటే మార్చలేక కాదు, అవసరం అనిపించక. మన ఇళ్లలో ఆస్తి పంపకాల దగ్గర కూడా ఇదే మాట వినిపిస్తే, ఈ కథ చెప్పండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.